కంబళి బైరాగికి బూరెలు

మా చిన్నతనంలో మొక్కు అనేది ఒకరు మొక్కుకుంటే మరొకరు తీర్చుకోవలసిన వ్యవహారంగా ఉండేది. ఇప్పుడు ఎవరి భయాలు వాళ్ళవి, ఎవరి దేవుడు వాళ్ళ ఫోనులో ఉంటాడు. అప్పట్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగు ఇళ్ళన్నింటికీ కలిపి భయాలూ దేవుళ్ళూ ఉమ్మడిగానే ఉండేవి. నాన్న నడుంనొప్పి తగ్గాలని అమ్మ మొక్కుకునేది, శనివారాలు వంకాయ మానేసే శిక్ష నాకు పడేది. అలాగే నేను పదో క్లాసు లెక్కల్లో గట్టెక్కాలని నానమ్మ మొక్కుకుంది. (చదవాల్సింది నేనే అనుకోండి. కానీ నా మీద నాకున్న నమ్మకం కంటే అమ్మవారి మీద నానమ్మకున్న నమ్మకం ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండేది.) ఫలితాలు వచ్చాయి. నేను పాసు గీతకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టుగా పాసయ్యాను. లెక్కల మాస్టారే నమ్మలేకపోయారు. నానమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోకుండా, "మొక్కు బాకీ ఉండిపోనాది, కొండకెప్పుడెల్దాం?" అంది.

మా నానమ్మ బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కొత్త కోడలిగా, ఫైర్‌మన్ ఉద్యోగం చేసే తాతయ్య వెంట బిలాస్‌పూర్ వచ్చిన మనిషి. తాతయ్య పోయినా, ఆవిరి ఇంజన్లు పోయినా, ఆమె తెలుగు మాత్రం బొబ్బిలి నుంచి ఒక్క అడుగు ఇటు జరగలేదు. హిందీ మాట్లాడేది గానీ, ఆ హిందీ ఆమె సొంత తయారీ. కూరలబండి వాడితో "ఏ బాబూ, తుమ్హారా బెండకాయ ముదిరిపోయా హై" అంటే వాడు తలవంచుకుని లేతవి ఏరి ఇచ్చేవాడు. అప్పటికి ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు కమ్ముకున్నాయి. రైల్వే ఆసుపత్రి డాక్టరు, ఇంకా పండలేదు, చలికాలంలో ఆపరేషన్ చేద్దాం అన్నాడు. ఆమెకి లోకమంతా పొగమంచులో ఉన్నట్టుండేది. మనుషుల్ని గొంతుతోనూ, ఆకారంతోనూ పోల్చుకునేది. పోల్చుకోలేకపోతే అడిగేది కాదు. తనకి తోచిన మనిషిగా నిర్ణయించేసుకుని మాట్లాడేది. ఒకసారి పోస్ట్‌మాన్‌ని మా పెదనాన్న అనుకుని, తద్దినాలకి రాలేదేమని కడిగేసింది. అతను క్షమాపణ చెప్పి వెళ్ళాడు.

ఆ మొక్కు మామూలు మొక్కు కాదు. రతన్‌పూర్ దాటి, పాలీ దాటి, అడవిలో చైతుర్‌గఢ్ అని ఒక కొండకోట ఉంది. దాని మీద మహిషాసురమర్దిని గుడి. మాకు పాలు పోసే ఆవిడ ఆ తల్లి మహిమల గురించి చెబితే విని, నానమ్మ ఇంట్లోంచే చేతులెత్తి మొక్కుకుందట. "మా గుంట లెక్కల్లో గట్టెక్కితే నీ కొండకొచ్చి బూరెలు, పులిహోర నైవేద్యం పెడతాను తల్లీ. నీ గుమ్మం దగ్గర ఆకలితో ఎవులొస్తే ఆలకి నా సేత్తో కడుపునిండా పెట్టి, అప్పుడే మేం ముద్ద ముడతాం" అని. ఈ చివరి భాగం విన్నప్పుడు మాకెవరికీ అందులో ప్రమాదం కనిపించలేదు. గుడి అన్నాక ఆకలితో నలుగురు ఉండరా అనుకున్నాం.

వానాకాలం అడవి దారి పనికిరాదన్నారు, నవరాత్రులకి జనం తొక్కేస్తారన్నారు. అవన్నీ దాటి కార్తీకంలో ఒక ఆదివారం నాడు బయలుదేరాం. గోల్ బజార్‌లో బాడుగకి మాట్లాడిన జీపు. ముందు సీట్లో నాన్నా, డ్రైవరూ. వెనకాల అమ్మ, నానమ్మ, నేను, ట్రంకాల్ మావయ్య. మావయ్య అమ్మకి అన్న, గూడ్స్ గార్డు. ఆ పేరు ఎందుకొచ్చిందంటే, పూర్వం ట్రంకాల్ చేసి విజయనగరం వాళ్ళతో మాట్లాడుతుంటే ఫోను పెట్టేసినా విజయనగరం వాళ్ళకి వినిపిస్తుందని ఇంజన్ల షెడ్డులో అందరూ అనేవారు. జీపులో ఆయన మాట్లాడుతుంటే డ్రైవరు రెండుసార్లు హారన్ అనుకుని పక్కకి తీశాడు. బూరెల తపేలా నానమ్మ ఒళ్ళో ఉంది. తెల్లవారకముందే లేచి మడికట్టుకుని చేసినవి. ఆ తపేలా మూత సందుల్లోంచి వచ్చే నెయ్యి వాసనతో రతన్‌పూర్ చేరేసరికే నాకు ఆకలి మొదలైంది. మహామాయ గుడి వైపు తిరిగి నానమ్మ జీపులోంచే దణ్ణం పెట్టి, "ఏటనుకోకు తల్లీ, ముందు బాకీ ఉన్నకాడికెల్లి ఒస్తాం" అని చెప్పుకుంది.

పాలీ దాటాక అడవి మొదలైంది. అంతవరకూ నాకు తెలిసిన లోకం ఎర్ర ఇటుకల క్వార్టర్లు, నల్లటి బొగ్గు వేగన్లు, షెడ్డు సైరను. అడవి అంటే మా స్కూలు పుస్తకంలో రంగు బొమ్మ. ఇక్కడ సాల్ చెట్లు స్తంభాల్లా నిలబడి, ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి, చూపు ఆగేదాకా ఉన్నాయి. ఎండ వాటి మధ్యనుంచి పలచగా జారుతోంది. జీపు ఎక్కడో ఆగినప్పుడు డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దం నా చెవులకి కొత్త. రైలు చప్పుడు లేని చోటు భూమ్మీద ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ట్రంకాల్ మావయ్య కూడా గొంతు తగ్గించి, "బావా, ఇక్కడ మాటాడితే తప్పేమోనన్నట్టుందేటి?" అన్నాడు. నాన్న తల ఊపాడు. నాన్న షెడ్డులో ఫిట్టరు, ఇంజన్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి కావడంవల్ల మాటలు వృథా అని ఎప్పుడో తేల్చుకున్నవాడు.

జీపు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి చతికిలబడింది. డ్రైవరు అక్కడే ఉంటానన్నాడు. మిగతాది నడక. నానమ్మ నాన్న చెయ్యి పట్టుకుని, ఆగుతూ, ఆయాసపడుతూ, మధ్యలో మమ్మల్నే "బేగి రండే" అని తరుముతూ ఎక్కింది. పైకి చేరేసరికి పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన కోట ద్వారం. రాళ్ళ మధ్య సున్నం ఉందో లేదో తెలియదు. వాటి బరువే వాటిని పట్టుకుని ఉన్నట్టుంది. లోపల గుడి చిన్నదే. చీకట్లో నూనెదీపం వెలుగులో అమ్మవారి కళ్ళు ముందు కనిపించాయి, తర్వాత ముఖం, ఆ తర్వాత చేతులు, ఒకటి తర్వాత ఒకటి. నేను లెక్కల సంగతి చెప్పి కృతజ్ఞతలు తెలుపుకుందామని ఇంటి దగ్గరే వాక్యాలు తయారు చేసుకున్నాను. అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. నానమ్మకి విగ్రహం కనిపించి ఉండదు. అయినా చాలాసేపు అటే చూస్తూ నిలబడి, "ఎంత బాగున్నావే తల్లీ" అంది. ఆ మాట ఎవరితోనో ఎదురెదురుగా కూర్చుని అన్నట్టు ఉంది.

పూజ చేసిన పండాజీ పెద్దాయన, ఆ కింది పల్లె మనిషి. నైవేద్యం అయ్యాక నానమ్మ ఆకు పరిచి, ముందు ఆయన్నే కూర్చోమంది. ఆయన ఆ రోజు ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టనన్నాడు. గుడి తలుపులు దగ్గరగా వేసి, కిందికి పోతూ పోతూ నానమ్మ దగ్గర ఆగి తన భాషలో ఒక మాట చెప్పాడు: "దాయీ, బేరా ఢర్‌కే కే పాఛూ ఇహాఁ ఝన్ రుకబే. బబా మన్ పానీ పియే బర్ ఆథే."

నేను వెంటనే ముందుకొచ్చాను. స్కూల్లో స్నేహితురాళ్ళ దగ్గర నేర్చుకున్న ఛత్తీస్‌గఢీ మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు, ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది. "ఎండ వాలాక ఇక్కడ ఉండొద్దంటున్నాడు నానమ్మా. బాబాలు నీళ్ళు తాగడానికి వస్తారట" అన్నాను. అది అక్షరాలా సరైన అనువాదం. అంతటితో ఆగకుండా వ్యాఖ్యానం కూడా జోడించాను: "సాధువులు కదా, జనం ఉంటే వాళ్ళ తపస్సుకి అడ్డమని కాబోలు."

నానమ్మ ముఖం వెలిగిపోయింది. "బాబాలొస్తారా? అచ్ఛా! మరింకేటి? అమ్మే పంపుతోంది. ఆలకి పెట్టీసి మనం తిందాం" అంది.

అంతే, మా గతి ఆ బాబాల చేతుల్లోకి వెళ్ళిపోయింది. కొండ మీద నరమానవుడు లేడు. గుడికి కాస్త అవతల ఒక చెరువు, దాని ఒడ్డున చదునైన రాతిబండ. నానమ్మ ఆ బండ మీద చాప పరిచి, సాల్ ఆకులతో కుట్టిన విస్తరి వేసి, దాని నిండా బూరెలు, ఓ పక్క పులిహోర వడ్డించి, అతిథి కోసం సిద్ధంగా కూర్చుంది. మేం తింటామని అడగడానికి కూడా వీల్లేదు. అమ్మ తెల్లవారుజామున లేచిన అలసటతో, కొంగు ముఖం మీద కప్పుకుని అక్కడే చెట్టునీడలో నిద్రపోయింది. మావయ్య కాసేపు "ఓ బాబా! బాబాజీ! ఆయియే!" అని నాలుగు దిక్కులా కేకేశాడు. కొండలు ఆ కేకని తిరిగి మాకే ఇచ్చేశాయి. "ఎంత దూరానున్నా ఇనపడే ఉంటాది" అని ఆయన తృప్తిపడి, నాన్నని తీసుకుని కోటగోడ దగ్గరికి చూడ్డానికి వెళ్ళాడు.

నేనూ కాసేపు వెళ్ళి చూశాను. ఆ గోడ అంచు నుంచి కిందికి చూస్తే అడవి. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఇల్లు లేదు. మేఘం నీడ ఒకటి ఆ పచ్చదనం మీద మెల్లగా పాకుతూ వెళుతోంది. మా బిలాస్‌పూర్ ఎటువైపుందని నాన్ననడిగాను. ఆయన చెయ్యి చూపించిన వైపు ఏమీ లేదు, నీలంగా మసక మాత్రమే. అంత పెద్ద జంక్షను, అన్ని ప్లాట్‌ఫారాలు, అన్ని పట్టాలు, ఆ మసకలో ఎక్కడో చుక్కంత కూడా కనిపించకుండా పోయాయి. నాకు ఒక్క క్షణం కళ్ళు తిరిగాయి. (ఆకలికి కూడా అయి ఉండొచ్చు.)

ఎండ వాలింది. "ఒలే గుంటా, సెంబుతో నీలట్రా. ఆలొచ్చీసరికి నీలుండాల" అని నానమ్మ కేకేసింది. నేను వచ్చి ఇత్తడి చెంబు తీసుకుని చెరువు దిగువ మెట్టుకి వెళ్ళాను. నీళ్ళు అంత తేటగా ఉన్నాయి కాబట్టి, నేను పదిహేనేళ్ళ దాన్ని కాబట్టి, అందులో నా ముఖం చూసుకుంటూ జడ సవరించుకుంటూ కొంత ఆలస్యం చేశాను. తిరిగి పైకి వస్తుంటే నానమ్మ గొంతు వినిపించింది. ఎవరితోనో ఆప్యాయంగా మాట్లాడుతోంది.

"కూకో బాబూ, కూకో. మొగమాటపడకు. ఎన్నాల్లైనాదో కడుపునిండా తిని."

వచ్చేశాడు! నా ప్రాణం లేచి వచ్చింది. ఒడ్డు ఎక్కి చూస్తే నిజమే, నానమ్మ ఎదురుగా విస్తరి ముందు ఒక బాబా చతికిలబడి, ఒళ్ళంతా నల్ల కంబళి కప్పుకుని, తల వంచుకుని తింటున్నాడు. నాకు వీపు మాత్రమే కనిపిస్తోంది. భారీ మనిషి. జుట్టు జడలు కట్టి దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తింటున్న చప్పుడు మాత్రం మర్యాదగా లేదు, పైపులోంచి నీళ్ళు పీలుస్తున్నట్టు ఉంది. నానమ్మకి అది జలుబులా వినిపించింది. "పడిశెం పట్టీసినట్టుంది పాపం. సెట్ల కింద తొంగుంటే పట్టదేటి మరి" అంటోంది, బూరె మీద బూరె వడ్డిస్తూ.

నేను అదే భక్తితో దగ్గరికి వెళ్ళి, చెంబు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని, వినయంగా "నమస్తే బాబాజీ" అన్నాను.

బాబాజీ తల తిప్పి నన్ను చూశాడు.

ఆ ముఖం పొడుగ్గా, బూడిద రంగులో, నెయ్యి మెరుస్తూ ఉంది. చెవుల చుట్టూ పొడుగాటి వెంట్రుకలు. ఛాతీ మీద ఎవరో సున్నంతో గీసినట్టు తెల్లటి వంపు గుర్తు. విస్తరి పక్కన ఆనించిన చేతికి (చెయ్యి అనే అంటాను, ఆ క్షణాన నాకు వేరే మాట రాలేదు) నా వేళ్ళంత పొడుగున వంకర గోళ్ళు ఉన్నాయి. ఎలుగుబంటి. నానమ్మకీ దానికీ మధ్య ఒక విస్తరాకు. నాకూ దానికీ మధ్య అది కూడా లేదు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. చెట్టెక్కాలా, చచ్చినట్టు పడుకోవాలా, కేకలు వెయ్యాలా అని స్కూల్లో ఎన్నోసార్లు వాదించుకున్నాం, ప్రతిసారీ నేనే గెలిచాను. ఇప్పుడు అవేవీ గుర్తు రాలేదు. దాని ఊపిరి నా పరికిణీ అంచుకి తగులుతోంది, వెచ్చగా. వాసన కూడా గుర్తుంది, తడిమట్టి, తేనె, ఇంకా ఏదో పాతబడినది. దాని కళ్ళు చాలా చిన్నవి. అంత పెద్ద శరీరానికి అంత చిన్న కళ్ళేమిటా అని ఆశ్చర్యపోయాను. ఆ కళ్ళు నన్ను చూశాయి, అడవిలో ఒక చెట్టుని చూసినట్టు. కోపం లేదు, ప్రేమా లేదు. నేను ఉన్నానని గమనించి, అంతటితో సరేననుకున్నాయి. నన్ను చూసి ఎవరూ అంతకుముందు అలా ఊరుకోలేదు. మా ఇంట్లో చూసిన ప్రతివాళ్ళూ చదువుకోమనో, జడ వేసుకోమనో అనేవారు.

కోటగోడ వైపు నాన్నా, మావయ్యా కనిపించారు. ఇటు వస్తూ వస్తూ మధ్యలో నిలబడిపోయారు. మావయ్య నోరు బాగా తెరిచి ఉంది. మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. కేక వేస్తున్నాడు. కానీ చిన్న చప్పుడు కూడా రావడం లేదు. నాన్న రెండు చేతులూ మెల్లగా కిందికి ఊపుతున్నాడు, ప్లాట్‌ఫారం మీదికి ఇంజనుని నెమ్మదిగా రమ్మన్నట్టు. కదలకు అని నాకు చెబుతున్నాడని అర్థమైంది.

నేను కదలకుండానే ఉండేదాన్ని. కానీ నానమ్మ ఉందిగా. "నిలబడిపోనావేటే? బైరాగికి గొంతు పట్టుకుంటాది. నీలు పొయ్యి!"

ఆ గొంతులో దబాయింపు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దానికి నా కాళ్ళూ చేతులూ నన్నడక్కుండానే లొంగిపోతాయి. వంగాను. విస్తరి పక్కన ఇత్తడి పళ్ళెం ఖాళీగా ఉంది. అందులోకి నీళ్ళు పోశాను. కొన్ని నీళ్ళు తొణికి దాని ముంగాలి మీద పడ్డాయి. అది కాలు వెనక్కి తీసుకుని విదిలించింది. నానమ్మ వెంటనే, "సూసుకుని పొయ్యవేటి? ఏటనుకోకు బాబూ, సిన్న గుంట" అని దానికి క్షమాపణ చెప్పింది. అది ఏమీ అనుకోలేదు. పళ్ళెంలో మూతి పెట్టి తాగింది. నీళ్ళలో దాని పొడుగాటి నాలుక కనిపించింది. నేను అలా వంగే ఉన్నాను. దాని తలమీది దుమ్ములో ఒక చిన్న ఆకు చిక్కుకుని ఉంది. ఎంత పిచ్చి ఆలోచన అంటే, ఆ ఆకు తీసేద్దామా అని ఒక్క క్షణం నా వేళ్ళు ముందుకి వెళ్ళబోయాయి.

బూరెలు అయిపోయాయి. అది విస్తరాకు నాకి, పులిహోర వాసన చూసి, తల విదిలించుకుంది. "పులుపు పడదేటో" అని నానమ్మ సానుభూతి చూపించి, చేతులు జోడించి, "కడుపు నిండినాదా బాబూ? మా గుంటని దీవించు" అంది. అది దీర్ఘంగా ఒక ఊపిరి వదిలి, ముందుకాళ్ళు నేలకి ఆన్చి, ఒళ్ళు ఊపుకుంటూ బండ దిగింది. చెరువు గట్టునే నడిచి, అవతలి ఒడ్డున మరోసారి నీళ్ళు తాగి, పొదల్లోకి వెళ్ళిపోయింది. పొదలు కాసేపు కదిలాయి. తర్వాత కదలడం ఆగిపోయింది. అప్పుడు చూస్తే చెరువు మీద ఎండ బంగారంలా పరుచుకుని ఉంది. అది అంతసేపూ అలాగే ఉన్నట్టుంది, నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడు మావయ్య గొంతు ఊడిపడింది. "ఎలుగూ..." అని అంత దీర్ఘంగా, అంత గట్టిగా ఆయన తన ఉద్యోగ జీవితంలో కూడా ఎప్పుడూ అరిచి ఉండడు. పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అమ్మ కొంగు తీసి లేచి కూర్చుని "ఏమైంది, అన్నమెట్టీసినారా?" అంది. నానమ్మకి కోపం వచ్చింది. "తిని ఎల్లినోడి ఎనకాల అరుస్తావేటయ్యా? ఆ బైరాగి ఏటనుకుంటాడు?" అని కసురుకుంది. 'ఎలుగు' అంటే గొంతు అనుకుందేమో, ఎవరి గొంతు గురించి అని కూడా అడగలేదు.

నాన్న పరుగున వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. షెడ్డు గ్రీజు వాసన వేసే ఆ చేతులు చాలాసేపటిదాకా నన్ను వదల్లేదు. నానమ్మకి చెప్పొద్దని సైగ చేశాడు. చెబితే కొండ దిగడానికి ఆమె కాళ్ళు ఉండవని ఆయన భయం. "మొక్కు తీరిపోనాది, ఇంక తినండి" అని నానమ్మ అందరికీ పులిహోర పెట్టింది. నాన్న పొదలవైపు, మావయ్య చెట్లవైపు, నేను నా చేతులవైపు చూస్తూ కూర్చున్నాం. సంగతి చెవిలో చెప్పించుకున్న అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది, ఈసారి నిద్రకి కాదు. నానమ్మ ఒక్కతే నిదానంగా, కడుపునిండా తిని, బ్రేవుమంది.

కొండ దిగేటప్పుడు మావయ్యకి మళ్ళీ మాట పడిపోయింది. జీవితంలో ఎప్పుడోగానీ హాస్యమాడని నాన్న ఆయన భుజం తట్టి, "ఎలుగొచ్చీసరికి నీ ఎలుగెల్లిపోనాదేటి బావా" అన్నాడు. ముందు నాకు, తర్వాత అమ్మకి, ఆఖరికి మావయ్యకి నవ్వు వచ్చింది. ఏడుపులాంటి నవ్వు, ఆపుకోలేక దారిలో కూర్చుండిపోయాం. డ్రైవరుని పక్కకి పిలిచి చెబితే అతను నవ్వలేదు. పాలిపోయాడు. ఆ అడవిలో వాటిని పేరుపెట్టి పిలవరట, బబా అనే అంటారట, పోయిన ఏడు ఇప్పపువ్వు ఏరుతున్న మనిషి ముఖం ఒక ఎలుగు చీరేసిందట. అతను వచ్చి నానమ్మ పాదాలు రెండు చేతులతో ముట్టుకున్నాడు. నానమ్మ అతన్ని ఆకలిగా ఉన్నాడనుకుని, మిగిలిన పులిహోర అతని చేతుల్లో పెట్టింది.

తర్వాత కాలనీలో కథ రెండు రకాలుగా నడిచింది. నానమ్మ చెప్పే కథలో ఒక మహానుభావుడైన బైరాగి, నోట మాటలేని మౌనస్వామి, బూరెలన్నీ తిని దీవించి వెళ్ళాడు. మా కథ మేం గుసగుసగా చెప్పుకునేవాళ్ళం. చలికాలంలో ఆమెకి ఒక కన్ను తర్వాత ఒకటి ఆపరేషన్ అయి, సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చి, లోకం మళ్ళీ గీతలతో సహా కనిపించడం మొదలెట్టాక, ఇక దాచనక్కర్లేదని నాన్న అన్నాడు. ఒక మధ్యాహ్నం వరండాలో ఎండకి కూర్చున్న ఆమెకి నేనే అంతా చెప్పాను. గోళ్ళు ఎంత పొడుగో చూపించాను, ఎలా పీల్చిందో చప్పుడు చేసి వినిపించాను.

నానమ్మ అంతా శ్రద్ధగా విని, కళ్ళద్దాలు ముక్కు మీంచి జారేదాకా నవ్వింది. "ఓలమ్మో! ఎలుగుబంటే? ఎలుగే అయితే నువ్వెల్లి నీలు పోసీదానివేటే? బల్లిని సూస్తేనే మంచమెక్కీసీ గుంటవి!"

నాన్న సాక్ష్యం చెప్పాడు, మావయ్య ఒట్టు వేశాడు. ఆమె ఒప్పుకోలేదు. అది మనిషే అనడానికి ఆమెకున్న తిరుగులేని రుజువు నా పిరికితనం. మనవరాల్ని పెంచింది తను, దాని ధైర్యం ఎంతో తనకి తెలియదా? చివరిదాకా ఆ నమ్మకంతోనే ఉంది. నిజం చెప్పాలంటే, ఆమె అంత గట్టిగా అన్నప్పుడల్లా నాకూ సందేహం వచ్చేది. కంబళి కప్పుకున్న మనిషే కాబోలు అనుకునేదాన్ని. అప్పుడు ఆ వెచ్చటి ఊపిరి గుర్తొచ్చేది.

తర్వాత నేను బ్యాంకులో చేరాను, విమానాలెక్కాను, సముద్రాలు చూశాను, నలుగురిలో మాట్లాడడం నేర్చుకున్నాను. ఏదీ నన్ను అలా నిలబెట్టలేదు, అంత చిన్నదాన్ని చేసి అంత తేలిక చెయ్యలేదు. బల్లి అంటే ఇప్పటికీ మంచం ఎక్కుతాను, కాకపోతే మోకాళ్ళ వల్ల కాస్త ఆలస్యంగా. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు ఎప్పుడైనా ఈ కథ చెబితే, కొత్తగా చేరిన కుర్రకారు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. ఆఖర్న ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "అంత దగ్గరగా ఉంటే పారిపోలేదా మేడం?" అని.

చాలా కారణాలు ఆలోచించాను. పెద్ద మాటలు కూడా కొన్ని తట్టాయి. కానీ ఆ చెంబు పట్టుకున్న పదిహేనేళ్ళ పిల్లని అడిగితే ఏమంటుందో నాకు తెలుసు, అందుకే నేనూ అదే చెబుతాను.

"నానమ్మ నీళ్ళు పొయ్యమంది కదా మరి."